పంది వెనుక చేప కనిపిస్తే అది సిజికస్ నాణెమే, తోమకండి

మీ దగ్గరున్న శనగగింజంత వెండి నాణెం మీద ఒకవైపు అడవిపంది ముందుభాగం, రెండోవైపు నోరు తెరిచిన సింహం తల ఉన్నాయని, అది ఏ ఊరిదో, నల్లబడింది కాబట్టి తోమవచ్చునో లేదో చెప్పమని అడిగారు. వర్ణనను బట్టి అది సిజికస్ అనే పాత గ్రీకు పట్టణపు నాణెం. అటువంటివి నా దగ్గర రెండున్నాయి, వాటిలో మొదటిదాన్ని నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. కనుక ముందు రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను, దయచేసి తోమకండి.

ఇంట్లో వెండి కుందులను విభూతితో తోమిన అలవాటు కొద్దీ ఆ నాణేన్నీ అలాగే రుద్దాను. నలుపుతో పాటు సింహం జూలు గీతలు అరిగిపోయాయి, అంచున చిన్న ముక్క విరిగిపడింది. శతాబ్దాల పాటు మట్టిలో ఉన్న వెండి లోలోపల పెళుసుబారుతుందని నాకు అప్పటికి తెలియదు. మట్టి అంటుకొని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడితే చాలు. దాచడానికి కాగితపు కవరు మేలు. పీవీసీ ప్లాస్టిక్ సంచిలో ఉంచితే కొన్నాళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది.

సిజికస్ అనేది నేటి తుర్కియేలో, మర్మరా సముద్రపు దక్షిణ తీరాన, ఎర్దెక్ దగ్గర మిలేటస్ నగరపు గ్రీకులు స్థాపించిన రేవు పట్టణం. నల్లసముద్రానికీ ఏజియన్‌కూ మధ్య ఏటా వలస సాగించే ట్యూనా గుంపులు ఆ దారినే వెళ్ళేవి కనుక, ఆ ఊరు చేపనే తన గుర్తుగా పెట్టుకుంది. బంగారం, వెండి కలిసిన ఎలెక్ట్రమ్‌తో అక్కడ ముద్రించిన సుమారు 16 గ్రాముల స్టేటర్లు అనే పెద్ద నాణేలు నల్లసముద్రపు రేవుల్లో పెద్ద వర్తకానికి చెల్లేవి. అంత విలువైన నాణెంతో బజారులో రొట్టె కొనలేరు కదా, అందుకే క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈ వెండి చిల్లర. ఆ చిల్లరలో ఓబోల్ అనే నాణెం సుమారు 0.8 గ్రాములు, అందులో సగం విలువది 0.4 గ్రాములు తూగుతాయి.

పంది భుజం వెనుక నిలువుగా ఉన్న చేప కోసం భూతద్దంతో వెతకండి. అచ్చు కన్నా వెండి బిళ్ళ చిన్నది కావడం వల్ల అది తరచుగా అంచు బయటికి పోతుంది. నా రెండో నాణెంలో తోక ఒక్కటే మిగిలింది. కాబట్టి చేప లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. సింహం తల చతురస్రపు గుంటలో ఉండాలి, ఎందుకంటే పంది అచ్చును దాగలిలో బిగించి, బిళ్ళ పెట్టి, సింహపు అచ్చుతో పైనుంచి కొట్టేవారు. మన మ్యూజియంలలో విద్దాంక నాణేలను, అంటే గుర్తులు గుద్దిన ప్రాచీన భారతీయ నాణేలను, చూసినవారికి ఆ గుంట కొత్త కాదు గానీ, అక్కడ ఒక్కో చిహ్నాన్ని విడిగా కొట్టారు. నకిలీని పట్టించేది అంచు: దెబ్బకు పడిన పగుళ్ళు సహజం, చుట్టూ సన్నటి అతుకు గీత, బుడగల గుంటలు ఉంటే పోతపోసినదే.

తుర్కియే 1983 నాటి చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించకూడదు కనుక, మీకు అమ్మినవారి దగ్గర పాత రసీదు ఉందేమో అడగండి. తూకం కంసాలి త్రాసు మీద వేయించండి, వంటింటి త్రాసు ఇంత తక్కువ బరువును చూపలేదు.