ముందు ఆడపిల్లుల్ని పట్టు

బిడ్డా స్వాతీ,

హనుమకొండల మీ ఇంటెనక ఐదు పిల్లులకు రోజు పాలన్నం పెడుతున్నవని, అవి పిట్టల్ని చంపుతున్నయని పక్కింటాయన లొల్లి చేస్తున్నడని మీ అమ్మ చెప్పింది. కోపం తెచ్చుకోకు గని ఆయన మాటల కొంత న్యాయముంది.

నర్సంపేటల నేను కూడ ఇదే పని చేసిన. కడుపు నిండినంక పిల్లి వేటాడదనుకున్న. ముప్పై ఏండ్లు బడిల జీవశాస్త్రం చెప్పినదాన్ని, గంత తెల్వకపాయె! మా మల్లెతీగల పిగిలిపిట్ట మూడు గుడ్లు పెట్టింది. రెండు వారాలకు పిల్లలైనయి. ఇంకో పన్నెండు రోజులకు గూడు దిగి కింద ఆకుల్ల కూసున్నయి. సరిగ ఎగరరాదు, తల్లే పురుగులు తెచ్చి పెడుతున్నది. తెల్లారి లేచి చూస్తే గడప ముందట ఒక రెక్క, ఒక కాలు. నా తెల్లపిల్లి పక్కన్నే కూసొని మూతి నాక్కుంటున్నది. గిన్నెల అన్నం పెట్టింది పెట్టినట్టే ఉన్నది. కదిలేది కనబడితే చాలు దానికి, ఆకలితోని పనిలేదు. ఉడుతలు, తొండలు కూడ అట్లనే పోయినయి.

పక్కింటాయన చెప్పినట్టు పిల్లుల్ని సంచిల వేసి పాకాల అడవికాడ మాత్రం ఇడిసిపెట్టకు. అడవుల బావురుపిల్లి ఉంటది. మన పిల్లులు దానితోని కలుస్తయి, రోగాలంటిస్తయి. విషం పెట్టుడంటవా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించు. ముందు ఆడపిల్లులకే. వాటి కడుపు రెండు నెలలే, ఐదారు నెలల పిల్లకు కూడ కడుపైతది. బోను అడుగున పేపర్ పరిచి, లోపలి కొసకు ఎండు రొయ్యలు పెట్టు. ఆ వాసనకు రాని పిల్లిని నేనింకా చూడలే. మూడు రోజులు తలుపు పడకుండ కట్టి తెరిచే ఉంచు, లోపలికొచ్చి తినిపోవుడు అలవాటైతది. నాలుగోనాడు పట్టు. పడంగనే దుప్పటి కప్పితే గింజుకోదు. ఉత్త చేతులతోని పట్టబోకు. నా బొటనవేలి మీద మచ్చ ఇంక ఉన్నది, రేబిస్ సూదులు కూడ ఏయించుకున్న. ఎన్ని గంటలు తిండి ఆపాల్నో డాక్టర్‌ను ముందే అడుగు. మత్తుల ఉన్నప్పుడే రేబిస్ టీకా ఏయించి, గుర్తుకు చెవి కొన కత్తిరించమను. లేకుంటే చేసినదాన్నే మళ్ల పట్టి తీస్కపోతవు.

పాలు బంద్ చెయ్యి, పెద్ద పిల్లులకు శానమట్టుకు అరగవు. పగలు ఒక్కపూట పెట్టి అరగంటల గిన్నె తీసెయ్యి.

ఆపరేషన్ అయిన పిల్లి కూడ పిట్టల్ని పడుతది. ఆ ఐదిట్ల చారల పిల్లిని ఇంట్లనే ఉంచుకో. బయటికి తిరుగుడు మరిగిందంటవా, మాంసం ఎక్కువున్న తిండి పెట్టు, రోజు కొంచెంసేపు ఆడించు. 2021ల ఇంగ్లాండోళ్లు పరీక్షిస్తే అట్లాంటి తిండితోని ఇంటికి తెచ్చే వేట 36 శాతం, ఆటతోని 25 శాతం తగ్గిందట.

శనివారం మీ పెద్దనాయినతోని నా బోను పంపిస్త. తలుపు స్ప్రింగుకు తుప్పు పట్టింది, కొంచెం నూనె వేసుకో.

మీ పెద్దమ్మ