గడ్డి చచ్చింది, గునుగు చావట్లేదు: పత్తిలో ఏం కొట్టాలి?

అన్నా, 40 రోజుల పత్తిలో క్విజలోఫాప్ కొడితే గడ్డి అంతా ఎండింది కానీ గునుగు, గలిజేరు అలాగే ఉన్నాయి, డోసు పెంచి మళ్లీ కొట్టాలా అని అడిగారు కదా. వద్దు, డబ్బులు దండగ. అది గడ్డిజాతి కలుపును చంపే మందు, గునుగు, గలిజేరు లాంటి వెడల్పాకు కలుపు మీద ఎంత పోసినా వాటికేం కాదు.

వెడల్పాకులకు పైరిథయోబ్యాక్ సోడియం 10% ఉంది. ఎకరాకు 250 మి.లీ., దాంతోపాటు క్విజలోఫాప్ 5% 400 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో. 16 లీటర్ల ట్యాంకుకైతే మొదటిది 20 మి.లీ., రెండోది 32 మి.లీ. లెక్క. పత్తి 20-25 రోజులప్పుడు, కలుపు రెండు నాలుగాకుల మీద ఉండగా, నేలలో పదును చూసుకుని కొట్టాలి. పత్తి ఆకులు కొంచెం పసుపెక్కితే టెన్షన్ పడకండి, వారం పది రోజుల్లో తేరుకుంటుంది.

మీది ఆ అదను దాటిపోయింది. నేనూ ఒకసారి కూలీలు దొరక్క ఆలస్యం చేసి, మోకాలెత్తు గునుగు మీద ఇదే మందు కొట్టాను. పైన చిగురు మాడింది, చచ్చిందిలే అనుకున్నాను, రెండు వారాలకు వెళ్లి చూస్తే కింద కణుపు కణుపుకూ కొత్త పిలక. ఒక్క కాండం ఉన్నచోట గుబురు తయారైంది! అందుకే ఇప్పుడు అచ్చుల మధ్య గుంటుక తోలించి, మొదళ్ల దగ్గరున్నవి చేత్తో పీకించండి, వానకు నేల మెత్తబడ్డప్పుడైతే వేరుతో సహా వస్తాయి. కంకి ముదరకముందే అయిపోవాలి, ఎండిన కంకిని అరచేతిలో నలిపితే మెరిసే నల్ల గింజలు ఎన్ని రాలతాయో చూశారా, అవన్నీ వచ్చే ఏటి కలుపే. బతుకమ్మకు కావాలంటే గట్టు మీదవి చాలు.

వచ్చే ఏడు విత్తనం పెట్టిన 24-48 గంటల్లో, తడి ఉండగానే, కలుపు మొలవకముందే ఆపే పెండిమిథాలిన్ 30% ఎకరాకు లీటరు నుంచి 1.3 లీటర్లు కొట్టండి, సగం బాధ అప్పుడే పోతుంది.

ఎవరైనా 2,4-డి అనే కలుపు మందు కొట్టమంటే మాత్రం అస్సలు వినకండి. అది మక్కకు సరే, పత్తికి విషం. మాకు ఒక ఏడు మక్కలో కొట్టిన పంపునే రెండుసార్లు నీళ్లతో కడిగి పత్తిలో పురుగు మందుకు వాడాం. వారానికల్లా కొత్తాకులు వెడల్పు పోయి, ఈనెలు దగ్గరకొచ్చి, సన్నగా చీలి బెండాకులా తయారయ్యాయి, తెగులేమో అనుకుని నేను ఇంకో రెండు మందులు కూడా కొట్టాను తెలివిగా! మూత లోపలి రబ్బరులో, పైపులో మిగిలిన కాస్త మందుకే అంత పని జరిగింది. అప్పటినుంచి కలుపు మందు పంపు వేరు, దాని పట్టీకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది.

మీ పక్క చేను మక్కేనా? అయితే వాళ్లు ఏ మందు కొడుతున్నారో, గాలి ఎటు వీస్తుందో కూడా ఒకసారి కనుక్కోండి.