గురువారం క్యారేజీ

అమ్మడూ,

రాత్రి రెండింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చదివాను. ఉద్యోగం బాగుంది, ఇల్లు కొనుక్కున్నాం, అయినా ఏదో వెలితి పెద్దమ్మా అన్నావు. వచ్చే నెల నీ పుట్టినరోజుకి పెద్దాసుపత్రి ముందు ఐదొందల పొట్లాలు పంచుతానన్నావు. వద్దని అనను. కానీ ముప్పై ఏళ్ళు వార్డుల్లో డ్యూటీ చేసినదాన్ని, రిటైరయ్యాక ఎనిమిదేళ్ళుగా ప్రతి గురువారం క్యారేజీ పట్టుకెళ్తున్నదాన్ని, ఒక మాట చెప్తాను.

ముందు వట్టి చేతులతో వెళ్ళు. వార్డు బయట, పేషెంట్ల మనుషులు చాపలేసుకునే చోట గంటసేపు కూర్చో. పేషెంటుకి ఆసుపత్రి వాళ్ళు పాలు, బ్రెడ్డు, భోజనం ఇస్తారు. తోడొచ్చిన మనిషికి ఎవరిస్తారు? మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి పంచేవాళ్ళ ఆటోలు వరసకడతాయి. ఒక్కొక్కళ్ళ చేతిలో మూడేసి పొట్లాలు. రాత్రి ఎనిమిదింటికి చూడు, పంచేవాళ్ళు ఒక్కరుండరు. ఇది కూర్చుంటేనే తెలుస్తుంది.

నేనూ తెలియక తప్పు చేశాను. మొదటి వేసవిలో పొద్దున్న ఆరింటికే వేడి వేడి అన్నంలో పెరుగు కలిపి కవర్లలో కట్టేశాను. మధ్యాహ్నానికి పులిసిపోయింది. ఒక ముసలమ్మ పొట్లం విప్పి, వాసన చూసి, నేను చూస్తున్నానని గబగబా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నన్ను నొప్పించకూడదని! ఆ ముద్ద ఇప్పటికీ నా గొంతులోనే ఉంది. నువ్వు మాత్రం అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి, రెండు గరిటెల పెరుగు తోడు వెయ్యి. తినేవేళకి కమ్మగా ఉంటుంది. పులిహోరైతే పూర్తిగా చల్లారాకే కట్టు.

ఐదొందల మందికి ఒక్కరోజు పెట్టేకంటే పదిమందికి వారం వారం పెట్టు. రెండో వారం వెళ్ళేసరికి వాళ్ళ మొహాలు గుర్తుంటాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. మొన్న ఏజెన్సీ నుంచి వచ్చిన ఒకాయన అన్నం ముట్టుకోకుండా ఆసుపత్రి చీటీ ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. చదవడం రాదు. ఎవర్నడగాలో తెలియదు. ప్రభుత్వ ఉచిత వైద్యం సంగతి చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్‌కి తీసుకెళ్తే రేషన్ కార్డు కావాలన్నారు, అది ఊళ్ళో ఉండిపోయింది. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి కార్డు ఫోటో తెప్పించేసరికి గంటన్నర పట్టింది. అంతా అయ్యాక వచ్చి కూర్చుని చల్లారిన అన్నమే తిన్నాడు. ఆయనకి ఆ రోజు కావలసింది పొట్లం కాదు.

మన కోనసీమలో డొక్కా సీతమ్మ గారి కథ చిన్నప్పుడు నీకు చెప్పేదాన్ని, గుర్తుందా? 1909లో పోయారావిడ. లంకల గన్నవరంలో, గోదావరి దాటొచ్చే బాటసారులకి ఏ వేళప్పుడైనా వండి పెట్టేవారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరి, దారిలో ఎవరో 'సీతమ్మ గారింటికెళ్తే అన్నం దొరుకుతుంది' అనుకోవడం విని పల్లకీ వెనక్కి తిప్పించారని చెప్పుకుంటారు. ఇవాళ అక్కడ గోదావరి మీదుగా కాలువ నీళ్ళు దాటించే అక్విడక్టుకీ, మన బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. నాకు మాత్రం ఆ పల్లకీ తిరగడమే ఇష్టం.

ఫోటోలు తీయకు. అన్నం కోసం చెయ్యి చాచిన మనిషి మొహం నీ స్టేటస్‌లోకి ఎందుకు? ఇంకోటి, కోప్పడకు సుమా. మీ అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఉన్నారు కదా, ఊళ్ళోవాళ్ళకి పెట్టి ఆవిడకి వేణ్ణీళ్ళ కాపడం మర్చిపోయేవు!

సంతోషం వస్తుందా అని అడిగావు. కొన్ని గురువారాలు నడుంనొప్పి తప్ప ఏమీ రాదు. పెట్టింది తిని తిట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ మీ పెదనాన్న చనిపోయిన ఏడాది, మంచం దిగబుద్ధి కాని రోజుల్లో, బియ్యం కడగాలి కదా అని లేచేదాన్ని. గురువారం లేచినదాన్ని శుక్రవారం కూడా లేవడం అలవాటైంది. నాకు తెలిసింది అంతే.

పుట్టినరోజుకి రాజమండ్రి వచ్చెయ్యి, ఒక గురువారం నాతో పాటు రా. వచ్చేటప్పుడు మీ ఇంట్లో వాడని స్టీలు గ్లాసులుంటే తీసుకురా. వార్డు దగ్గర ఎన్ని ఉన్నా చాలడం లేదు.

నీ పెద్దమ్మ