ఆ దెయ్యాల్ని కొట్టెయ్యి

చిరంజీవికి,

నీ న్యూట్రినో వ్యాసం అందింది. దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే ఆ సూక్ష్మకణానికి మొదటి పేజీలోనే "దెయ్యపు కణం" అన్న పేరు ఏడుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. ఏడోదాని దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. మళ్ళీ తీయించింది రెండో పేజీలో నువ్వడిగిన ప్రశ్న: "దేన్నీ తాకకుండా పోయేది ఉందని ఎలా తెలిసింది?" వ్యాసం అక్కడ మొదలవ్వాలి. నువ్వేమో ప్రశ్న వేసేసి, జవాబు చెప్పకుండా విశ్వరహస్యాల్లోకి జారుకున్నావు.

దెయ్యం అనగానే పాఠకుడు ఆలోచించడం మానేస్తాడు. అంకె చెప్పు. సూర్యుడి న్యూట్రినోలు బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు సుమారు 6,500 కోట్లు దూసుకుపోతాయి. రాత్రయినా అంతే, కాకపోతే భూమిని దాటుకుని పాదాల కిందనుంచి వస్తాయి.

అంకెలు చూస్తే జనం పారిపోతారని ఒక సంపాదకుడు నా తొలి వ్యాసంలో అన్నీ కొట్టేసి, ఆ ఖాళీల్లో "అద్భుతం" నింపాడు. ముప్ఫయ్యేళ్ళయింది, ఇంకా మంటగానే ఉంది. అలా పోయినవాటిలో అమెరికన్ శాస్త్రవేత్త రేమండ్ డేవిస్ కథ ఒకటి. దక్షిణ డకోటాలో బంగారు గని, దాదాపు కిలోమీటరున్నర లోతు. అక్కడ 3,80,000 లీటర్ల డ్రైక్లీనింగ్ ద్రవం నింపిన తొట్టి. న్యూట్రినో తగిలితే అందులోని క్లోరిన్ పరమాణువు ఆర్గాన్ అవుతుంది. అంత ద్రవంలో పుట్టేది సగటున రెండు రోజులకొక్కటి! వాటిని ఏరి లెక్కపెడుతూ పాతికేళ్ళు గడిపాడాయన. సూర్యుడి లెక్క ప్రకారం రావలసినదాంట్లో మూడో వంతే తేలింది. ప్రయోగం తప్పన్నారు కొందరు, సూర్యుడి లెక్కే తప్పన్నారు ఇంకొందరు. నిజానికి ప్రయోగమూ ఒప్పే, లెక్కా ఒప్పే. న్యూట్రినోలు మూడు రకాలు: ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ. సూర్యుడిలో పుట్టేవి ఎలక్ట్రాన్ రకం. దారిలో రకం మారిపోయాయి, డేవిస్ తొట్టి పట్టగలిగింది ఒక్క ఎలక్ట్రాన్ రకాన్నే. 2002లో కెనడాలోని సడ్బరీ గనిలో భారజలంతో, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీటితో, మూడింటినీ కలిపి లెక్కిస్తే మొత్తం సరిపోయింది.

ఇంత తెలిశాక "ద్రవ్యరాశి లేని న్యూట్రినో" అని ఎలా రాశావు? కాంతివేగంతో పోయేదానికి కాలం గడవదు, కాలం గడవనిది మారలేదు. మారుతోందంటే ఎంతో కొంత ద్రవ్యరాశి ఉన్నట్టే. ఈ ఒక్క ముక్క నేను పదకొండుసార్లు తిరగరాశాను, పాత కాగితాల వెనకవైపు కూడా వదలకుండా. ఊసరవెల్లి పోలిక జోలికి పోకు, నేను పోయి చెడ్డాను. ఒక్కో రకమూ మూడు ద్రవ్యరాశుల కలగలుపు. వాటి అలలు ప్రయాణంలో ఒకదానికొకటి అడుగు తప్పుతాయి, కలగలుపు మారుతుంది. అదంతా ఊసరవెల్లికేం తెలుసు?

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోనా అని అడిగావు. ముందు మొదటి పేజీ చించి, రెండో పేజీ నుంచి రాసి పంపు.

తా.క. భౌతికశాస్త్రవేత్త పౌలీ ఊసే లేదేం? పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ను వెలువరించే బీటా క్షయంలో శక్తి లెక్క తక్కువ పడుతోందని 1930లో ఈ కణాన్ని ఊహించాడు. అదీ ఒక ఉత్తరంలోనే.