ఫ్లెక్సీ కొట్టించే ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లండి

ప్రశ్న: మేడమ్, మాది సిటీ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. కిందటేడాది టూర్‌కి వెళ్లిన మా సీనియర్లు ముగ్గురు నదిలో కొట్టుకుపోయారు. వచ్చే నెలకి ఏడాది. మా ఎన్ఎస్ఎస్ యూనిట్, రోటరాక్ట్ క్లబ్ కలిసి వాళ్ల పేరు మీద మెగా రక్తదాన శిబిరం పెడదామనుకుంటున్నాం. కొందరు మాత్రం ‘చావుని కూడా ప్రోగ్రామ్ చేస్తారా’ అంటున్నారు. మేం చేసేది తప్పా?
– ఒక విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: తప్పు కాదమ్మా, చేయండి. 2007 ఏప్రిల్ 16న అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి 32 మంది చనిపోయారు. తమిళనాడులో పుట్టి అక్కడ సివిల్ ఇంజినీరింగ్ చెబుతున్న ప్రొఫెసర్ ఒకాయన కూడా వాళ్లలో ఉన్నారు. ఆ ఏడాదే వాళ్ల జ్ఞాపకార్థం ‘వీటీ ఎంగేజ్’ అని ఒక సేవా కార్యక్రమం మొదలుపెట్టారు. ఏటా ఏప్రిల్‌లో 3.2 మైళ్ల పరుగు కూడా పెడతారు, ఆ 32 మందికి గుర్తుగా. మొదలుపెట్టినవాళ్లంతా చదువులు అయిపోయి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు, పని మాత్రం కొత్త బ్యాచ్‌ల చేతికి వెళ్తూనే ఉంది. నాకు నచ్చింది అదే.

మీ శిబిరం సంగతికొస్తే, ‘మెగా’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. దానమిచ్చిన రక్తంలో ఎర్రకణాలు మహా అయితే ఆరు వారాలు నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. వందలమంది ఒకే రోజు ఇచ్చేసి తర్వాత ఏడాదంతా ఎవరూ రాకపోతే, ఎండాకాలంలో కాలేజీలకు సెలవులున్నప్పుడు బ్లడ్ బ్యాంకులు దాతల కోసం వెతుక్కునే రోజుల్లో మీ రక్తం ఉండదు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకి సెలవులుండవు. అందుకని బ్లడ్ గ్రూపుల వారీగా పేర్లు రాసుకుని నెలకి కొంతమంది చొప్పున వెళ్లండి. మగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, పొద్దున హాస్టల్లో టిఫిన్ ఎగ్గొట్టి మాత్రం రావద్దని గట్టిగా చెప్పండి.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైన డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలకి ఒడ్డుకు చేరే టైమ్ కూడా దొరకలేదు. మీ సీనియర్లు పోయింది కూడా నీళ్లలోనే కాబట్టి, మీ కాలేజీ నుంచి ఏ బ్యాచ్ టూర్‌కి బయల్దేరినా ముందురోజు మీ క్లబ్ వాళ్లు ఒక గంట కూర్చోబెట్టి చెప్పండి: డ్యామ్ దిగువన నది ఎంత ప్రశాంతంగా కనిపించినా లోపలికి దిగొద్దు. మునుగుతున్నవాళ్ల కోసం ఈత రానివాళ్లు దూకొద్దు. తాడో, చున్నీయో, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యానో విసరాలి. సీపీఆర్ (ఆగిన గుండెను ఛాతీ నొక్కి తిరిగి కొట్టుకునేలా చేసే ప్రథమ చికిత్స) తెలిసిన డాక్టర్‌ని పిలిచి బొమ్మ మీద ప్రతి ఒక్కరి చేతా చేయించండి, వీడియో చూస్తే రాదు. ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటలు ఎలాగూ పనిచేయాలి కదా, కొన్ని దీనికి పెట్టండి.

వీటన్నిటికంటే ముందు ఆ ముగ్గురి ఇళ్లకు వెళ్లండి. ఫోన్ చేసి ‘ప్రోగ్రామ్ ఉంది, రండి’ అనడం కాదు, ‘చేయమంటారా’ అని అడగండి. వద్దంటే ఆ పేరు వాడకండి. ఫొటో కూడా ఐడీ కార్డులోది తీసుకోకుండా వాళ్లమ్మనే అడగండి. నేనొక సంస్మరణ సభ చూశాను. ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి నిలువెత్తున ఉన్నారు, చనిపోయిన అబ్బాయి కింద మూలన పాస్‌పోర్ట్ సైజులో ఉన్నాడు. శాలువా కప్పడానికి మైకులో పిలిస్తే ఆ తండ్రి కుర్చీలోంచి లేవలేదు. శాలువాలు, షీల్డులు, ముఖ్య అతిథి, ఇవేవీ మీకు అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి పోయి రెండేళ్లయింది. ఏటా వాళ్ల కాలేజీ క్లబ్ పిల్లలు వాడి పేరు మీద అన్నదానం చేస్తారు, నన్ను రమ్మంటారు. నాకు ఆ గేటు దాటాలంటేనే భయం. వెళ్లకపోతే బాగోదని మా వారు అంటున్నారు.
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: వెళ్లకండి. అది మర్యాద తక్కువేమీ కాదు, ఆ పిల్లలు కూడా అర్థం చేసుకుంటారు. మీ వారికి వెళ్లాలనిపిస్తే ఆయన్ని వెళ్లనివ్వండి, ఇద్దరి దుఃఖం ఒకేలా ఉండాలని లేదు. వచ్చే ఏడాది మనసైతే ఆ పిల్లల్లో ఇద్దరిని మీ ఇంటికే రమ్మనొచ్చు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం ఉంటే మాత్రం ఓర్చుకుంటూ కూర్చోకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయండి. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.