సందేహాలు – సమాధానాలు: గర్భసంచిలో నీటి బుడగలు ఉంటాయా?

సందేహం: మా ఆడపడుచుకి స్కాన్ తీయిస్తే "గర్భసంచిలో నీటి బుడగలు ఉన్నాయట" అని ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు. రిపోర్టు చూస్తే ఓవరీస్ అని ఉంది, అక్కడ గర్భసంచి ఊసే లేదు. గర్భసంచి, గర్భాశయం, అండాశయం, అండకోశం, బీజకోశం, ఇవన్నీ ఒకటేనా? ఓవరీని తెలుగులో ఏమనాలి? ఓవరీ అనే అంటే తప్పా? – ఒక పాఠకురాలు

సమాధానం: గర్భసంచి, గర్భాశయం ఒకటే. మిగిలిన మూడూ ఓవరీకి వాడుతున్న మాటలే, అందులో నేను ఎంచుకునేది అండాశయం. ఎందుకో చెప్తాను గానీ ముందు ఆ బుడగల సంగతి చూద్దాం.

ఆ బుడగలు గర్భసంచిలో ఉండవమ్మా. గర్భసంచి పొత్తికడుపులో మధ్యన ఉండేది, ఒక్కటే ఉంటుంది, బిడ్డ పెరిగేదీ నెలనెలా రక్తస్రావం మొదలయ్యేదీ అక్కడే. అండాశయాలు రెండు, దానికి అటొకటి ఇటొకటి, ఒక్కోటి సుమారు 3 సెంటీమీటర్ల పొడవుంటుంది. అండాలు ఉండేది వాటిలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ప్రధానంగా తయారయ్యేదీ వాటిలోనే. నీటి బుడగలని జనం చెప్పుకునేది ఎక్కువగా పీసీఓడీ (పాలిసిస్టిక్ ఓవరీ డిసీజ్) గురించే, ఆ సమస్యలో స్కాన్‌లో కనిపించేవి ఈ అండాశయాల్లోని చిన్న చిన్న తిత్తులు, 2 నుంచి 9 మిల్లీమీటర్లలోపువి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి స్త్రీకీ ఇలాంటి తిత్తులు ఉంటాయి, కాకపోతే ఈ సమస్య ఉన్నవాళ్లలో అవి సగంలో ఎదుగుదల ఆగి ఎక్కువగా పోగుపడతాయి. బుడగలు అనగానే వినేవాళ్లకి అవి ఎప్పుడో పగులుతాయనో, కోసి తీసేయాలనో భయం పుడుతుంది. కోసి తీయడం దీనికి వైద్యం కాదు. అందుకే నాకు "నీటి బుడగలు" కన్నా "తిత్తులు" అన్న మాటే నచ్చుతుంది. మీ ఇంట్లో "గర్భసంచిలో నీటి బుడగలు" అన్నదాన్ని "అండాశయాల్లో తిత్తులు" అని దిద్దుకోండి, సగం భయం తగ్గుతుంది.

ఇంత తేడా ఉన్నా మనం అన్నిటినీ గర్భసంచి కింద ఎందుకు జమకడుతున్నామంటే, ఓవరీకి జనం నోట నలిగిన పాత పేరంటూ లేదు. గర్భసంచికి ఉంది, కొందరు పిల్లసంచి అని కూడా అంటారు. (గర్భం సంస్కృతం, సంచి తెలుగు, కాబట్టి ఇది వైరి సమాసం అని ముఖం చిట్లించే పండితులు ఉంటే ఉండనివ్వండి, మాట బతికి బట్టకట్టింది.) శాస్త్రాల్లోనూ ఇదే కథ. సుశ్రుతుడు శరీరంలో ఏడు ఆశయాలు చెప్పి, స్త్రీలకు ఎనిమిదోది గర్భాశయం అన్నాడు. ఆమాశయం, పక్వాశయం, మూత్రాశయం అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి, అండాశయం మాత్రం లేదు. ఇక్కడ ఆశయం అంటే లక్ష్యం కాదు, ఉండే చోటు, జలాశయంలో ఉన్న ఆశయమే ఇదీ. ఐరోపా వాళ్లు కూడా 17వ శతాబ్దం దాకా అండాశయాల్ని "ఆడవాళ్ల వృషణాలు" అనేవారు. 1672లో డచ్చి వైద్యుడు డి గ్రాఫ్ వీటిలోని తిత్తుల్ని వర్ణించి, అవే గుడ్లు అనుకున్నాడు. అసలు అండం తిత్తి లోపల ఉండే సూక్ష్మమైన కణమని 1827లో ఫాన్ బేయర్ అనే శాస్త్రవేత్త చూసేదాకా తేలలేదు.

తమాషా ఏమిటంటే డి గ్రాఫ్ పొరపాటు మన స్కానింగ్ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తోంది. పిల్లల కోసం వైద్యం చేయించుకునేవాళ్లు "ఎగ్ సైజు 18 వచ్చింది, రేపో ఎల్లుండో రిలీజ్ అవుతుందన్నారు" అంటుంటారు కదా, ఆ 18 మిల్లీమీటర్లు గుడ్డువి కావు, గుడ్డున్న తిత్తివి. అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, అంతే. ఈ తిత్తికి పాఠ్యపుస్తకాల్లో పుటిక అనే చక్కటి పేరుంది, కానీ బయట ఎవరూ అనరు, ఫాలికిల్ అనే అంటారు, అననివ్వండి.

ఇక మీరు అడిగిన మూడు మాటలు. అండకోశం అంటే సంస్కృతంలో మగవాళ్ల వృషణాల తిత్తి. అండవృద్ధి అనే జబ్బు పేరులో ఉన్న అండం కూడా ఆ అండమే. పైగా వృక్షశాస్త్రంలో అండకోశం అంటే పువ్వులోని స్త్రీభాగం మొత్తం, అందులో ఒక ముక్క అండాశయం, అదే పెరిగి కాయవుతుంది. ఇన్ని అర్థాల మధ్య ఓవరీని కూడా ఇరికించడం దేనికి? బీజకోశానిది ఇంకో ఇబ్బంది. బీజం అనగానే మన వాడుకలో మగవాళ్లే గుర్తొస్తారు, వరిబీజం అనేది ఎవరికొచ్చే జబ్బో మీకు తెలుసు. అందుకే పుస్తకాలవాళ్లు స్త్రీబీజకోశం అని ప్రతిసారీ ముందు "స్త్రీ" తగిలించాల్సి వస్తోంది. అది తప్పు కాదు, బరువు. అండాశయం అంటే అండాలుండే చోటు, గర్భాశయం పక్కన ఇమిడిపోతుంది, పత్రికల్లోనూ స్థిరపడింది. మొక్కకీ మనిషికీ ఒకటే మాట అని మీకు అనిపించవచ్చు, ఇంగ్లీషులోనూ అంతే కదా.

ఈ తేడా పాటించమని నేను పట్టుబట్టేది వ్యాకరణం కోసం కాదు, మన రాష్ట్రాల్లో జరుగుతున్న ఆపరేషన్లు చూసి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. వీళ్లలో ఎవరిని అడిగినా "గర్భసంచి తీసేశారు" అంటారు. అండాశయాలు ఉంచారా, తీశారా అంటే చాలామంది దగ్గర జవాబుండదు. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, కొందరిలో మామూలు కన్నా కొంచెం ముందే ఆగిపోవచ్చు. రెండు అండాశయాలూ తీస్తే, 35 ఏళ్ల మనిషికైనా ముట్లుడగడం ఒక్కసారిగా వచ్చిపడుతుంది, ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, తర్వాత్తర్వాత ఎముకలు పలచబడడం, గుండెజబ్బు ముప్పు. క్యాన్సర్ లాంటి కారణాలుంటే తీయక తప్పదు, అది వేరే సంగతి. ముట్లుడగడం అనే మాట కూడా ఇక్కడే తికమక పెడుతుంది. మాట ప్రకారం చూస్తే ముట్లు ఆగితే ఉడిగినట్లే, కానీ వైద్యంలో ఆ మాటకి అర్థం అండాశయాల పని ఆగిపోవడం. గర్భసంచి ఒక్కటే తీయించుకున్నవాళ్లని "నెలసరి ఆగింది" అనండి, చాలు. ఎవరికైనా ఆపరేషన్ అంటే "గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా?" అని డాక్టర్ని ముందే అడగమని చెప్పండి. డిశ్చార్జి కాగితంలో అది రాసి ఉండాలి.

ఓవరీ అంటే తప్పా అన్నారు. ఏం తప్పు లేదు, ఆస్పత్రిలో "ఎడమ ఓవరీ" అంటే అందరికీ అర్థమవుతుంది, కాఫీ, బస్సు లాగే అదీ మనలో కలిసిపోయింది. రెండు ఉంటే ఓవరీలు అనండి. "ఓవరీస్‌లు" అని మాత్రం వద్దు, అందులో బహువచనం రెండుసార్లు వచ్చింది.