పిలిస్తే రాని కుక్క గురించి చిన్నికి

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. గేటు దగ్గర నిలబడి నువ్వు గొంతు చించుకుంటున్నావు, వాడేమో కరెంటు స్తంభం వాసన చూస్తూ తోక కూడా కదపడం లేదు. ‘వీడికి పొగరు పెద్దనాయనా’ అన్నావు. నేను లెక్కపెట్టాను. ఒక్క నిమిషంలో ‘రాజా’ అని పదిహేడుసార్లు పిలిచావు. ఆ పదిహేడుసార్లలో వాడికి తెలిసింది ఒకటే, రాకపోయినా ఏమీ కాదని.

మీ ఇంట్లో ఆ పేరు రోజంతా నలుగుతూనే ఉంటుంది. రాజా తిన్నాడా, రాజా చెప్పు కొరికేశాడు, రాజాని కట్టేయండి. వాడికది ఫ్యాన్ చప్పుడుతో సమానం. పైగా మీ అవ్వ ‘ఇట్రా’ అంటుంది, మీ నాయన ‘కమ్’ అంటాడు, నువ్వు ఈల వేస్తావు. ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క మాట ఖాయం చేసుకోండి. ‘ఇట్రా’ చాలు, అవ్వను మార్చడం మన వల్ల కాదు.

ఇంకోటి అడుగుతాను, నిజం చెప్పు. పిలిస్తే వచ్చిన రోజున వాడికి ఏం దక్కింది? స్నానం, గొలుసు, సూది. లేదంటే ‘ఇంతసేపా’ అని ఒక దెబ్బ. నేనూ ఆ తప్పు చేసినవాడినే. నా మొదటి కుక్క పారిపోయి గంట తర్వాత తిరిగొస్తే కోపంలో కొట్టాను. నేను కొట్టింది పారిపోయినందుకు, దానికి అర్థమైంది వచ్చినందుకని. ఆ తర్వాత పిలిస్తే నాలుగడుగుల దూరంలో నిలబడి నా చేతుల వైపే చూసేది. ఆ భయం పోగొట్టడానికి ఏడాది పట్టింది. స్నానం చేయించాలంటే పిలవొద్దు, నువ్వే పోయి పట్టుకో.

పక్కింటాయన చెబితే వింటాడు, నేను చెబితే వినడు అని ఏడ్చావు కదా. వాడికి తొమ్మిదో నెల. ఎనిమిది నెలల కుక్కలు ‘కూర్చో’ అంటే పెంచినవాళ్ల మాట కంటే కొత్తవాళ్ల మాటే బాగా విన్నాయని 2020లో బ్రిటన్ పరిశోధకులు రాశారు. మన పిల్లలు పదిహేనేళ్లప్పుడు చేసేదే ఇది. నువ్వు చేశావు, నాకు గుర్తుంది.

పని ఇలా మొదలుపెట్టు. ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు చేసుకో. ఇంట్లోనే ఒక్కసారి ‘ఇట్రా’ అను, వచ్చిన క్షణమే ముక్క నోట్లో పెట్టు, ఆపైన వాడి ఆటకు వాడిని వదిలేయ్. వదిలేయడమే ముఖ్యం. రోజూ పదిసార్లు, రెండు వారాలు. తర్వాత పెరట్లో, ఆ తర్వాత పొడవాటి తాడు కట్టి ఖాళీ స్థలంలో. ఇంట్లో విన్న మాట వీధిలో వాడికి కొత్త మాటే, ఎందుకంటే అక్కడ ఊరకుక్కలు పోసిన స్తంభాలున్నాయి, అది వాడికి ఈనాడు పేపరు. రాడని తెలిసినప్పుడు అసలు పిలవకు. పిలిస్తే వాడి మీదికి పోకుండా నువ్వే వెనక్కి నడువు, వెంటపడి వస్తాడు.

వీటన్నిటికంటే ముందు చెవులు చూపించు. మా కుక్క మల్లికి పదకొండేళ్లు వచ్చాక పిలిస్తే పలికేది కాదు. మొండితనం అనుకుని రెండు నెలలు తిట్టాను. ఒకరోజు నిద్రపోతుంటే వెనక నుంచి తాళాల గుత్తి ఊపాను. చెవి కూడా కదల్లేదు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, కుక్కలకు 40,000 దాటినా వినిపిస్తుంది, అలాంటి చెవి అది. ఇక్కడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోతే వయసు వల్ల వినికిడి పోయిందన్నారు. ఆ తర్వాత చేత్తో సైగ చేస్తే వచ్చేది పాపం. నీ రాజా చిన్నవాడు, అయినా లాబ్రడార్‌కి వేలాడే చెవులు, లోపల చీము పట్టినా బయటికి కనపడదు. తల విదిలిస్తున్నా, చెవి దగ్గర వాసన వచ్చినా వెంటనే తీసుకుపో.

ఎండలో పిలిచి విసుక్కోకు. మధ్యాహ్నం తారు రోడ్డు మీద నువ్వు చెప్పుల్లేకుండా నిలబడి చూడు.

వచ్చే నెల గంగమ్మ జాతరకు మీరంతా తిరుపతి వస్తారు కదా, వాడిని మాత్రం తీసుకురావద్దు. ఆ డప్పులకు, టపాకాయలకు బెదిరి పరుగెత్తితే ఎంత నేర్పినా పిలుపు పనికిరాదు. మీ అవ్వ ఎలాగూ ప్రయాణం చేయలేదు, ఆమె దగ్గరే చిత్తూరులో వదిలిపెట్టు. చికెన్ ముక్కలు ఎక్కువ పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పు.

మీ పెద్దనాయన,
కొర్లగుంట, తిరుపతి